ఒకే పెట్టెలో ఎక్కకూడదు

దేవుడి దగ్గర వత్తి వెలిగించి అగ్గిపుల్ల ఆర్పుతుంటే ఫోన్ మోగింది. నెల్లూరు స్టేషను నుంచి నా కూతురు. పురిటికి వచ్చిన బిడ్డ, చంటిదానికి అయిదో నెల రాగానే అత్తగారింటికి, హైదరాబాదుకు పోతోంది. అల్లుడు వచ్చి తీసుకుపోతున్నాడు. రైలెక్కించి వస్తానని మా ఆయన కూడా ఆత్మకూరు నుంచి వాళ్ల వెంట బస్సులో పోయాడు.

"అమ్మా, టికెట్లు వేరే వేరే పెట్టెల్లో పడినాయి. నాకేమో ముందర, ఆయనకు అంత దూరం ఎనకాల. ఇప్పుడే చూసుకున్నాం."

"మార్చుకోను కుదరదా?"

"ఎవురినన్నా అడిగితే కుదరచ్చు. అయినా నిన్నొక మాట అడుగుదామని చేసినా. పెద్దవ్వ రూలు ప్రకారం ఇట్ట పడడమే మంచిది గదమ్మా?"

నవ్వుతూనే అంది గానీ, నవ్వు అయిపోయాక ఫోన్ పెట్టేయలేదు. నా మాట కోసం చూస్తోంది. పిల్ల ఏదో కూత పెడుతూ ఉంది పక్కన. రైలు రావడానికి ఇంకా టైముందని, కాసేపాగి చెప్తానని పెట్టేశాను. చేతిలో అగ్గిపుల్ల అట్లాగే ఉంది.

పెద్దవ్వ అంటే మా నాయన తల్లి, నాకు అవ్వ. ఒక ఇంటివాళ్లు రైల్లో ఒకే పెట్టెలో ఎక్కకూడదన్న రూలు ఆమె పెట్టిందే. ఇద్దరు పోతే ఇద్దరూ రెండు పెట్టెల్లో ఎక్కాలి. నలుగురైతే ఇద్దరు ముందర, ఇద్దరు వెనక. ఉదయగిరి కొండ కింద మా పల్లె. రైలు ముఖం చూడాలంటే కావలికో నెల్లూరికో పోవాల్సిందే. మా పల్లెలో సగం మందికి రైలెట్లా ఉంటుందో తెలియదు. అట్లాంటి చోట, రైలుకని ఒక ఆచారం పెట్టుకున్న ఇల్లు మాదొక్కటే.

మా నాయన చంటిబిడ్డగా ఉన్నప్పుడు, తాతా అవ్వా కలిసి పెద్దకొడుక్కి కన్ను చూపించడానికి మద్రాసు బయల్దేరారు. అవ్వ పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్ల పెట్టెలో కూర్చుంది. తాత పిల్లవాణ్ణి తీసుకుని ముందు పెట్టెలో కూర్చున్నాడు. తుఫాను వానలు. తెల్లారే పూట, ఒక వాగు మీద వంతెన కుంగి ముందు పెట్టెలు నీళ్లలోకి దిగబడ్డాయి. అవ్వ కూర్చున్న పెట్టె గట్టు మీదే నిలిచిపోయింది. ఆ వాగు పేరు అవ్వ ఏనాడూ పలకలేదు. మేమూ అడగలేదు.

"అందరం ఆ పెట్టెలోనే ఉండుంటే మీ నాయన యాడ, నువ్వు యాడ?" అనేది నాతో. "దేవుడు ఇద్దర్ని తీసుకున్నాడు, ఇద్దర్ని మిగిల్చినాడు. మిగల్చాలంటే ఆయనకు మనం ఒక దారి ఇయ్యాల గదమ్మా."

బడి వాగు అవతల ఉండేది. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. అయినా అవ్వ నన్ను దాటనిచ్చేది కాదు. అందుకని నాకు చదువు ఇంట్లోనే. నాయన పంచలో బండ మీద బొగ్గుతో అక్షరాలు రాసి దిద్దించాడు. గుణింతాలు వచ్చాక చదవడానికి పుస్తకాలు లేవు. ఉదయగిరి అంగళ్ల నుంచి చక్కెరా చింతపండూ కట్టుకొచ్చిన పాత పేపర్లే నా పుస్తకాలు. నాయన ఆ కాగితాలను చేత్తో సాపు చేసి ముందర పెట్టేవాడు. ఆయన నాకిచ్చిన ఆ నాలుగు అక్షరాలకు ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను.

కానీ ఆ అక్షరాలతో బాటే భయమూ వచ్చింది. "పట్టాలు తప్పిన" అన్న మాటను నేను కూడబలుక్కోకుండా చదవడం చాలా తొందరగా నేర్చుకున్నాను. పేపర్లో రైలు బొమ్మ కనబడితే చాలు, అవ్వ చేస్తున్న పని వదిలేసి వచ్చేది.

"ఏ పెట్టె?"

"ముందు పెట్టెలంట అవ్వా."

"ఎనక పెట్టెలు?"

"అవి పట్టాల మీదే ఉండాయంట."

"చూసినావా మరి" అనేది. గెలిచినట్టు కాదు, చాలా మెల్లగా. తర్వాత దేవుడి గూటి దగ్గరికి పోయి, ఆ రైల్లో వాళ్ల కోసం ఇంకో వత్తి వేసేది. పేపరేమో ఎన్ని నెలల నాటిదో. ఆ పోయినవాళ్ల కర్మలు కూడా ముగిసిపోయి ఉంటాయి. అవ్వకు అదేం పట్టదు. అప్పుడే జరిగినట్టు పెంచలకోన నరసింహస్వామిని పిలిచేది.

ఏళ్ల తరబడి అట్లా చదివాను. ఒకచోట రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఒకచోట గేటు దగ్గర బస్సును ఈడ్చుకుపోయింది. ఒకచోట పెట్టె మీదికి పెట్టె ఎక్కి కూర్చుంది. నేను రైలును కళ్లతో చూడకముందు నాకు తెలిసిన రైళ్లన్నీ పడిపోయిన రైళ్లే. చల్లగా ఊరు చేరిన రైలు గురించి పేపర్లో ఎవరు రాస్తారు? అట్లా చేరేవి కూడా ఉంటాయని నాకు చాలా కాలం తోచలేదు.

పెళ్లయి ఆత్మకూరు వచ్చాను. మా ఆయన బస్సు డ్రైవరు. అవ్వ రూలు విని కడుపు పట్టుకుని నవ్వాడు. మా పల్లెకు వచ్చినప్పుడు ఆమెనే అడిగేశాడు.

"ఏమవ్వా, రైలుకంటే ఇన్ని పెట్టెలుండాయి. మరి నా బస్సుకు ఒకటే పెట్టె గదా. మొగుడ్ని లోపల కూర్చోబెట్టి పెళ్ళాన్ని టాపు మీద ఎక్కించమంటావా?"

"బస్సు తోలేవాడి మొకం కనపడతాది నాయనా" అంది అవ్వ. "తాగినాడా, నిద్రపోతుండాడా, చూసి దిగిపోవచ్చు. రైలు తోలేవాడి మొకం ఎవురు చూసినారు?"

అంత నవ్విన మనిషి ఇప్పటికీ స్టీరింగు ముందు కూర్చున్నవాణ్ణి ఒకసారి తేరిపార చూసిగానీ ఏ బస్సూ ఎక్కడు.

పాపకు, అంటే ఈ కూతురికే, అయిదేళ్లప్పుడు, బెజవాడలో మా ఆడబిడ్డ ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. నెల్లూరులో పగటి బండి ఎక్కాం. మా ఆయన ఎంత ఎగతాళి చేసినా, నేను అవ్వ మాట దాటనని తెలుసు. "సరే, నేనూ పాపా ముందర ఎక్కుతాం. నువ్వు ఎనకాల ఎక్కు. బెజవాడలో కలుసుకుందాం, బతికుంటే" అన్నాడు. ఆ ఆఖరి మాట అనొద్దని కసిరాను. పాప తండ్రి భుజం మీది నుంచి నాకు చెయ్యి ఊపుతూ పోయింది. నేను చిట్టచివరి పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. కావలి దాటేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నాను.

ఒంగోలు దాటిన తర్వాత జరిగింది. ముందు ఒక కుదుపు, పైన పెట్టిన స్టీలు క్యారేజీ నా పక్కామె భుజం మీద పడింది. తర్వాత కింద నుంచి, చక్రాలు కంకర మీద పోతున్నట్టు ఒక చప్పుడు. నాకు ఆ చప్పుడు తెలుసు అనిపించింది. ఎప్పుడూ వినలేదు, అయినా తెలుసు. చిన్నప్పటి నుంచి చదివిన కాగితాలన్నీ ఒక్కసారిగా నోరు తెరిచినట్టు. బండి ఆగిపోయింది. ఒక నీళ్ల సీసా సీట్ల కింద దొర్లుకుంటూ పోతున్నది మాత్రం వినబడింది.

బయట ఎవరో అరిచారు. "ముందు పెట్టెలు పోయినాయంట!"

నేను దిగానో, నన్ను ఎవరైనా దించారో గుర్తు లేదు. కంకర మీద కాళ్లు నిలవలేదు. ఒక చెప్పు తెగితే రెండోది కూడా వదిలేశాను. ఎండకు రాళ్లు కాలుతున్నాయి. అంత పొడుగుంటుందా రైలు! పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె. నోట్లో నరసింహా నరసింహా అని తప్ప ఇంకో మాట లేదు. కిటికీల్లో నుంచి జనం ఏమేమో అడుగుతున్నారు. నేను ఏ పెట్టెలోకీ చూడలేదు. నా చూపంతా ముందరే ఉంది, అక్కడ లేచిన దుమ్ము మీదే. అవ్వ మాట నిజమైంది. ముందు పెట్టెలు. ఎప్పుడూ ముందు పెట్టెలే. మిగిలేదాన్ని నేను.

దుమ్ములోంచి మా ఆయన వస్తూ కనబడ్డాడు. నుదుటి మీద నెత్తురు, చొక్కా చిరిగింది. ఒక్కడే. చేతుల్లో పాప లేదు.

"పాప యాడ?" అన్నాను.

సరిగ్గా అదే మాట ఆయనా అన్నాడు.

"నీకాడనే గదా ఉండేది!"

"నా కాడేంది? ఒంగోల్లో నీ చేతికే గదా ఇచ్చినా!"

"నాకెప్పుడిచ్చినావు?"

ఆయన రాళ్ల మీద కూలబడ్డాడు. ఒంగోలు వచ్చేదాకా పాప అమ్మ కావాలని ఏడ్చిందంట. బండి ఆగగానే ఎత్తుకుని వెనక్కి పరుగెత్తాడు. నేనున్న పెట్టె దాకా రాలేదు. నడిమి పెట్టెల్లో ఒకదాని వాకిట్లో ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో నా చీరలాంటిదే ఆకుపచ్చ చీర కనబడింది. "ఏమే, పట్టుకో" అని పాపను పైకి ఎత్తాడు. బండి కూత వేసింది.

"ఒక చెయ్యి వచ్చి అందుకునిందే. నీ చెయ్యే అనుకున్నా."

"నువ్వు గూడా ఆడనే ఎక్కకూడదా?"

"అందరం ఒకదాంట్లో ఎక్కకూడదు గదా. మీ అవ్వ రూలు. ముందరికి ఉరికినా."

రూలును ఎన్నేళ్లుగా ఎగతాళి చేసిన మనిషి, ఆ ఒక్కరోజు దాన్ని నిలబెట్టడానికి అప్పుడే కదులుతున్న రైలు వెంట పరుగెత్తాడు.

అప్పుడు నాకు పట్టుకున్న భయం, కుదుపప్పటి భయం కాదు. పాప పడిపోయిన పెట్టెలో లేదు. మంచిదే. మరి ఎక్కడుంది? ఆ చెయ్యి నిజంగా అందుకుందా? అందుకోబోయి జారిందా? ప్లాట్‌ఫారానికీ చక్రాలకూ నడుమ ఆ సందు నా కళ్ల ముందు తెరుచుకుంది. అందుకున్నది మంచి చెయ్యేనా? ఒంగోల్లోనే దింపుకుని పోయిందేమో. ఇద్దరం చెరో పక్కా పెట్టెల వెంట పడ్డాం. "పాపా! పాపా!" అని అరుస్తుంటే ప్రతి పెట్టెలోనూ ఎవరో ఒక పాప తల తిప్పింది. నా పాప కాదు.

నేను రాళ్ల మీద పరుగెత్తుతూ దాటిపోయిన పెట్టెల్లోనే ఉంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతున్న కూలీ ఆడవాళ్ల పెట్టె అది. మూటలు, బొచ్చెలు, చంటిబిడ్డలు. వాళ్ల నడుమ, ఆకుపచ్చ చీర కట్టిన ఒక పెద్దామె పక్కన నా బిడ్డ కూర్చుని ఉంది. ఆ పెద్దామె తన పైట చెంగును పాప నడుముకు చుట్టి ముడేసుకుంది. పాప చేతిలో సగం తిన్న సద్దరొట్టె ఉంది.

నేను ఎత్తుకోబోతే ఆ పెద్దామె నా చెయ్యి తోసేసింది.

"ఆగమ్మా. వచ్చినోళ్లకంతా ఇచ్చేదానికి ఇదేమన్నా రొట్టెనా? ఏం పాపా, ఈమె ఎవురు?"

"మాయమ్మ" అంది పాప, నోరు నిండా రొట్టెతో.

"అయితే ఇంతసేపు యాడికి పోయినావమ్మా? ఒక మొగోడు బిడ్డను చేతిలో పెట్టినాడు. ఎనకనే ఎక్కుతాడు గదా అనుకుంటే పారిపోయినాడు. మొగుడు ఒక పెట్టె, పెళ్ళాం ఒక పెట్టె, బిడ్డ ఒక పెట్టె! కొట్లాడుకున్నారా ఏంది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను ఆమె కాళ్లకు వంగాను. వద్దు వద్దు అంటూ ఆమె ముడి విప్పింది. అది బిగుసుకుపోయి ఉంది. కుదుపుకు బిడ్డ ఎగిరిపోకుండా ఆపింది ఆ ముడే. ఆమె ఊరేదో, ఆ ఏడు కోత బాగా దొరికిందో లేదో నాకు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆమెను తలుచుకోకుండా వత్తి ముట్టించను.

ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు. ముందు పెట్టెలు రెండు పట్టాలు దిగి ఒరిగాయి, అంతే. గేదెలు అడ్డమొచ్చాయని కొందరు, పట్టా విరిగిందని కొందరు అన్నారు. గృహప్రవేశానికి పోలేదు. బస్సులు మారి మారి ఇల్లు చేరాం.

తర్వాత మా పల్లెకు పోయి అవ్వకు జరిగిందంతా చెప్పాను. అప్పటికి ఆమెకు చూపు మసకబారింది. ఏ పెట్టె అని అడుగుతుందనుకున్నాను. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. ముందు పెట్టెలే అవ్వా, నువ్వు చెప్పినట్టే అని.

అవ్వ అది అడగలేదు.

"బిడ్డ పక్కన ఎవురుండినారు?" అంది.

చెంగు ముడి గురించి చెప్పాను. అప్పుడు అవ్వ, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"మా పెద్దోడు నాకాడికి వస్తానని ఏడ్చినాడే ఆ పొద్దు. మగపిల్లోడివి, ఆడోళ్ల పెట్టెలో ఏంది అని మీ తాత ఎత్తుకపోయినాడు. నీళ్లలో నుంచి తీసినప్పుడు, మీ తాత చెయ్యి వాడి చేతిని ఇడవలేదంట. వేళ్లు ఇప్పదీయాల్సి వచ్చిందంట. ఆ మాట ఒకటే నన్ను ఇంతకాలం బతికించింది. వాడు ఒక్కడే లేడు గదా."

అంతే. రూలు తీసేశానని చెప్పలేదు. ఉంచమనీ చెప్పలేదు. పోయేదాకా మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మేమూ మళ్లీ రైలెక్కలేదు. ఎంత దూరమైనా బస్సే. అట్లా ఇన్నేళ్లూ ఆ రూలును పాటించే పనీ, దాటే పనీ పడలేదు. పసిబిడ్డతో అంత దూరం బస్సంటే కష్టమని నా కూతురు ఇప్పుడు రైలంది.

భయం మాత్రం ఇంట్లోనే ఉంది. పేపరు పోయి టీవీ వచ్చింది. టీవీ పోయి ఫోన్ వచ్చింది. ఇప్పుడు కూడబలుక్కోవాల్సిన పని లేదు, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడి ఉండడం అరచేతిలోనే కనబడుతుంది. ఎక్కడో ఉత్తరాన ఏదో బండి పడిందని తెలిస్తే నేను ఇప్పటికీ ముందు ఏ పెట్టెలని చూస్తాను. మా వైపు కూడా కొత్త లైను వేస్తున్నారు. పొలాల్లో ఎర్రమట్టి కట్ట లేచింది. ఎదురింటామె సంబరంగా చెప్పింది. "ఇంక నెల్లూరు దాకా పోబళ్లేదక్కా, రైలు మన గడపలోకే వస్తాది." ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఇవన్నీ తలుచుకుంటూ దేవుడి ముందు ఎంతసేపు కూర్చున్నానో. వేరే వేరేగా కూర్చోండి అని చెప్పి, ఆ పసిబిడ్డకు ఏదైనా అయితే, పక్కన తండ్రి లేకుండా చేసింది నేను. ఒక్కచోట కూర్చోండి అని చెప్పి ఏదైనా అయితే, ఒక్కరూ మిగలకుండా చేసింది నేను. ఏ మాట చెప్పినా అది నా మాటే. స్వామి ముఖం చూశాను. అవ్వ గొంతు వినబడింది. ఏ పెట్టె అని కాదు.

ఫోన్ చేశాను.

"ఎవురినన్నా బతిమాలుకోండి. ముగ్గురూ ఒక్కచోటే కూర్చోండి."

"మరి పెద్దవ్వ రూలు?"

"పెద్దవ్వ కూడా ఇదే అనుంటాది. మీ నాయనకు ఫోనియ్యి."

ఇవ్వలేదు, రైలు వస్తోందంది. నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగాను. చాలాసేపటికి మా ఆయన చేశాడు.

"ఎక్కించినానే. ముగ్గురూ ఒకటే పెట్టె. ఒకాయన పాపం, సీటు మారను ఒప్పుకున్నాడు. ఎందుకని అడిగినాడు. మీ అవ్వ కథ చెప్పేలోపల బండి కదలదా? ఇంటికాడ ముసలిది భయపడతా ఉండాదయ్యా అన్నా."

"నేను ముసలిదాన్నా?"

"భయపడేది నువ్వా నేనా అని ఆయనకేం తెలుసులే. ఇంజన్ కాడికి పోయి తోలేవాడి మొకం చూసినా. పిల్లోడే. మంచిగనే ఉండాడు."

ఊరికి పోయినవాళ్లు ఊరు చేరేదాకా మేము ఇల్లు ఊడ్చం. పొద్దుటి నుంచి వాకిట్లో వేపాకులు రాలి అట్లాగే ఉన్నాయి. గాలికి లోపలికి కూడా వచ్చాయి. వాటి మీదే నడుస్తున్నాను.

కూతురు మళ్లీ చేసింది.

"అమ్మా, ఒంగోలు."

అడిగాను.

"బిడ్డ పక్కన ఎవురుండారు?"

"ఆయన ఉండాడు. ఆయన వొళ్లోనే నిద్రపోతా ఉండాది. నా చున్నీ చుట్టి పెట్టినా."

రైలు కూత వినబడింది. చక్రాలు కదిలిన చప్పుడు, ఇంకేదో అంటున్న కూతురు గొంతు, తర్వాత లైను తెగిపోయింది. దీపంలో ఇంకాస్త నూనె పోసి, చీపురును తలుపు వెనక్కి నెట్టి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.